పట్టాభిషేకం లేని హీరో

మొన్న ఓ కుర్ర రచయిత నాకు కథ వినిపించాడు. జానపదం. సేనాపతి రాజ్యాలన్నీ గెలుస్తాడు, ఆఖరి రీల్లో సింహాసనం ఎక్కుతాడు, రాకుమారి దండ వేస్తుంది... శుభం!

"బాగానే ఉందోయ్! గెలిచినవాడు గద్దె ఎక్కకుండా వెళ్ళిపోతేనో?" అన్నాను.

"హాల్లో కుర్చీలు విరుగుతాయి సార్!"

విరగవని నా నమ్మకం. అలాంటి కథ ఇటలీలో నిజంగానే జరిగింది మరి. హీరో గారిబాల్డీ. నావికుడు. 1834లో తిరుగుబాటు నేరం మీద ఉత్తరాది సార్డీనియా రాజ్యం ఆయనకు మరణశిక్ష వేసింది. దక్షిణ అమెరికాకు పారిపోయి, అక్కడే యుద్ధవిద్య నేర్చాడు.

1860 మే నెల. ఇటలీ ఇంకా ముక్కలుగానే ఉంది. రెండు పొగ ఓడల్లో వెయ్యిమందికి పైగా మనుషులతో బయల్దేరాడాయన. వాళ్ళలో విద్యార్థులు, ప్లీడర్లు, డాక్టర్లు! చేతుల్లో పాత తుపాకులు, ఎర్ర చొక్కాల దళమని పేరు. 11న సిసిలీలో దిగారు. నెలాఖరుకి పలెర్మో నగరంలో వీధిపోరాటాలు! సెప్టెంబరు 7న శత్రువు రాజధాని నేపుల్స్‌లోకి ఎలా వచ్చాడనుకున్నారు? గుర్రం మీద కాదు, రైల్లో! సైన్యాన్ని వెనక వదిలి, కొద్దిమంది అనుచరులతో! రాజు ముందురోజే ఊరు విడిచాడు.

ఇంటర్వెల్!

అక్టోబరు 26న, గెలిచిన దక్షిణాదినంతా సార్డీనియా రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్‌కు అప్పగించాడు. తనకు మరణశిక్ష పడినప్పుడు గద్దె మీదున్న రాజు కొడుకే ఈయన! బహుమానాలు వద్దని, ఓ విత్తనాల బస్తాతో కప్రేరా దీవికి, సేద్యానికి వెళ్ళిపోయాడు. అదే ఏడు ఆ రాజు ప్రభుత్వం ఆయన పుట్టిన ఊరు నీస్‌ను ఫ్రాన్సుకిచ్చేసింది. దేశాన్ని కలిపినవాడికి సొంతూరు పరదేశం!

1862లో రోముకు కదిలితే ఆ రాజు సైన్యమే కాల్చింది. తూటా పాదంలో దిగింది. అప్పుడు తన వాళ్ళకు ఆయనిచ్చిన ఆజ్ఞ ఏమిటో తెలుసా? ఎదురు కాల్పులు వద్దని! ఇటలీవాడి మీద ఇటలీవాడు తుపాకీ ఎత్తితే తను కలిపిందేమిటి మరి?

విస్కాంటి తీసిన 'ది లెపర్డ్' (1963) చూడండి. బర్ట్ లాంకాస్టర్, అలాన్ డిలాన్. డిలాన్ పాత్ర మొదట ఎర్రచొక్కాల్లో చేరి, గాలి మారగానే రాజుగారి యూనిఫారం తొడుగుతుంది. ఆఖర్న వచ్చే డాన్సు విందులో, గారిబాల్డీని పట్టిన కర్నలే గొప్పలు చెప్పుకుంటాడు. గెలిపించినవాడు ఎక్కడ, విందు తిన్నవాళ్ళెక్కడ!

ఇదంతా విని కుర్రాడు కాస్సేపు పలకలేదు. తర్వాత, "మరి హీరోయిన్ సార్?" అన్నాడు.

"ఉందోయ్. అనీటా. భర్త పక్కనే యుద్ధాలు చేసింది. 1849లో రోము పడిపోయి పారిపోతుంటే, గర్భిణి, జ్వరంతో దారిలోనే పోయింది. శత్రువులు వెంటపడుతున్నారు. సమాధి చేసేదాకా ఆగే వ్యవధి కూడా ఆయనకు లేదు."

కుర్రాడు తన కథ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి... కుర్చీలు విరుగుతాయంటారా?