మోటారుచక్రపు మెఱుగు

పల్నాటి సీమయందు పాత కారు కొనుక్కొను గృహస్థులు ఇప్పుడు ప్రతి యూరను గలరు. కారుయొక్క వయస్సు మొట్టమొదట దాని చక్రములయందే బయటపడును. అంచులు రాళ్లకు రాచుకొని గీతలు పడును. పైపూత పొరలుగా లేచును. దాని క్రింద తెల్లని పొక్కులు కానవచ్చును. జనులు అల్లాయి చక్రములని చెప్పుకొను వీనిని ఇంటివద్దనే కొద్దిపాటి వ్యయముతో బాగుచేసికొనవచ్చునా? చేసికొనవచ్చుననియే నా యభిప్రాయము. ఎంతవఱకు అనునదియే విచారింపదగిన విషయము.

ఈ చక్రములలో పెద్దపాలు అల్యూమినియము. దానియందు నూటికి ఏడు పాళ్ల మేరకు సిలికాను, కొంచెము మెగ్నీషియము కలిపి పోతపోయుట వాడుక. 1886వ సంవత్సరమున అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ అను ఇరువురు యువకులు వేఱువేఱుగా విద్యుచ్ఛక్తితో అల్యూమినియమును తీయు విధమును కనుగొనుటచేత ఆ లోహము చౌకయైనది. 1924లో బుగాటి కంపెనీ ఫ్రాన్సునందలి లియోను పందెమునకు పోతచక్రముల కారును తెచ్చెను. నాటి పందెపువారి వస్తువు నేడు మన వాకిట నిలిచియున్నది.

అల్యూమినియము ఇనుమువలె త్రుప్పు పట్టదనుట నిజమే. గాలి సోకినతోడనే దానిపై పలుచని ఆక్సైడు పొర యేర్పడి లోపలి లోహమును కాపాడును. కాని ఆ పొర క్షారమునకు కరగును. పైతరగతి విద్యార్థులు సోడియం హైడ్రాక్సైడులో అల్యూమినియము వేసిన హైడ్రోజను బుడగలు వచ్చుటను చదివియే యుందురు. పిడుగురాళ్ల సున్నపుబట్టీల నడుమనుండి మాచర్లకు పోవు బాట మనకందఱకు పరిచితమే గదా! ఆ సున్నపు ధూళి చక్రముపై చేరి, వాన తడి తగిలినచో క్షారమగును. పూత చిట్లిన చోట దానికి ప్రవేశము దొరకును. కావున గుంటూరువారు నెలకొకమాఱు కడిగినను చెల్లును గాని, మనము వారమునకొకమాఱు మంచినీటితో కడుగుట మేలు. కడుగుటకు బట్టలసోడాగాని, స్నానపుగది రాళ్లు తోము ఆమ్లముగాని పనికిరావు. ఇనుపతీగె బ్రష్షు అసలే కూడదు. దాని తునుకలు అల్యూమినియములో గ్రుచ్చుకొని క్రొత్త మచ్చలకు మూలమగును.

ఇక పని. కారును జాకీపై నెత్తి, జాకీని మాత్రమే నమ్మక, గట్టి ఆధారము పెట్టి, మిగిలిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ఒక్కొక్క చక్రమునే విప్పవలయును. సబ్బునీటితో కడిగి ఆరిన పిదప, పెయింటర్లు వాటరు పేపరని పిలుచు గరుకు కాగితమును తడిపి, మొదట ముతకది, తరువాత సన్ననిది పట్టి రుద్దవలయును. పొక్కిన పూత యంతయు పోయి గట్టిలోహము కనబడువఱకు విడువరాదు. సగము రుద్ది రంగు వేసినవాని శ్రమ ఒక వానకారుతోనే తీరిపోవును. లోతైన గీతలకు కారు పెయింటర్లు వాడు పుట్టీ నింపి మరల రుద్దవలయును. పిదప ప్రైమరు, రంగు, క్లియరు వరుసగా పలుచని పూతలు. టైరునకు రంగు తగులకుండ ఇంటిలో పడియున్న పాత శుభలేఖలను టైరునకు అంచునకు నడుమ చుట్టును దోపిన చాలును. ఇంతకంటె మంచి సాధనము అంగడిలో లేదు. మే నెల ఎండలో చిమ్మిన రంగు లోహమును అంటకమునుపే ఎండిపోయి గరుకు దేలును. కార్తికమాసపు ఉదయము, గాలి లేని వేళ, ఈ పనికి తగినది. ముక్కునకు మంచి ముసుగు ఉండవలయును. రంగుడబ్బా యొక్కొక్కటి కొన్ని వందల రూపాయలే. అసలు ఖర్చు ఓపిక. లేతుపై తళతళలాడునట్లు కోసిన ముఖముగల చక్రములు మాత్రము ఇంటిలో మునుపటివలె కావు. వానికి ఒక్క రంగుతో తృప్తిపడవలసినదే.

నట్లు కూర్చుండు గుంటలకును, చక్రము ఇరుసును ఆనుకొను వెనుక ముఖమునకును రంగు తగులనీయరాదు. అచ్చటి రంగు నలిగిపోయిన కొలది నట్టు వదులగును. బిగించునపుడు ఎదురెదురుగా బిగించి, ఏబది నుండి నూరు కిలోమీటర్లు నడచిన పిదప మరల పానా పెట్టి చూడవలయును.

ఇంతవఱకు చెప్పినది చక్రపు చర్మమునుగూర్చి. వంగినను, పగిలినను అది ఎముకల వ్యవహారము. ఇచ్చటనే మనవారు పొరపడుదురు. మన పెద్దలు ఎడ్లబండికి పట్టా వేయించుట చూచినవారే. కమ్మరి ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి, వ్యాకోచించిన దానిని కొయ్యచక్రముపై దింపి నీళ్లు గ్రుమ్మరించెడివాడు. అది బిగిసి ఆకులను పూటీలను దగ్గఱకు లాగెడిది. అచ్చట నిప్పే వైద్యుడు. ఆ తలంపు మనలో నాటియున్నందున, గుంటలో పడి వంగిన అల్లాయి చక్రమునకు గ్యాసుమంట చూపి సుత్తితో కొట్టించుట న్యాయముగానే తోచును. కాని పోతచక్రమును కర్మాగారమున సాధారణముగా 540 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపున కాచి, నీట చల్లార్చి, మరల 150 డిగ్రీలు దాటిన తక్కువ వేడిలో కొన్ని గంటలు నిలుపుదురు. దాని బలము ఆ కొలతగల వేడివలన వచ్చినది. కొలతలేని మంట తగిలిన చోట అది సడలును. పైగా ఇనుము కాలిన కొలది ఎఱ్ఱబడి హెచ్చరించును. అల్యూమినియమో, కరగువఱకును పగటివెలుతురున రంగు మారదు.

పగులు తఱచుగా లోపలివైపు అంచున పుట్టును, బయటనుండి కనబడదు. టైరులో గాలి మాటిమాటికి తగ్గుచున్నచో, పంక్చరు లేదని తేలిన పిదప, చక్రపు లోపలివైపు సబ్బునీరు రాచి చూడవలయును. పగులు కనబడిన చక్రమును పుట్టీతో నింపి రంగు వేయువాడు పొదుపరి కాడు. భార్యాబిడ్డలను ఎక్కించుకొని నరసరావుపేటకు పోవు బాటలో అది విరిగిన, మిగిలిన రూపాయలు దేనికి? దానిని తూకమునకు అమ్మి వేఱొకటి తెచ్చుకొనుట యుక్తము.

ఉపాధ్యాయుడో గుమాస్తాయో వాకిట కూర్చుండి చక్రము రుద్దుకొనుట చిన్నతనమను మాటను నేను లెక్కింపను. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని రుద్దిన మఱింత మంచిది. నేను శంకించునది వేఱొక మెఱుగును. అమ్మకమునకు ముందు రంగు పూసిన పాత కార్లు సంతలోనికి వచ్చుచున్నవి. కొనువారు దీపము పట్టి చక్రపు లోపలివైపు చూడవలయును. ఎవరికిని కనబడని ఆ చోట ఒక్క తావున మాత్రము క్రొత్తరంగు పూసియున్నయెడల, బేరమునకు ముందు అది యెందుకు పూసితివని యడుగవలయును.