బల్ల కింద గానుగ

మా ఊరి పేరులోనే సత్రం ఉంది. దొరవారిసత్రం. నాయుడుపేటకీ సూళ్ళూరుపేటకీ మధ్య, మద్రాసు రోడ్డు మీద. సత్రమంటే నడిచి నడిచి కాళ్ళు పీకినవాడు కాసేపు కూలబడే చోటు. అలాంటి ఊళ్ళో ఉంటూ, కూర్చోవడం మా ప్రాణాల మీదికొచ్చిందని నేనిప్పుడు రాస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. నవ్వాక మాత్రం చివరిదాకా వినండి.

కరోనాకి ఇంటికొచ్చిన నా ఉద్యోగం మళ్ళీ ఆఫీసుకి పోలేదు. పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే రాత్రి ఎనిమిదికి లేచిన రోజు మంచి రోజు. కిందటేడు మా కంపెనీవాళ్ళు ఆరోగ్య వారోత్సవమని జరిపి, బల్ల కింద పెట్టుకుని తొక్కే చిన్న ఎలిప్టికల్ కొనుక్కోవడానికి రాయితీ ఇప్పించారు. రెండు పాదాల పలకలు, మధ్యలో అయస్కాంతం బిగింపు, ఎన్నిసార్లు తొక్కామో లెక్కపెట్టే చిన్న తెర. చప్పుడు లేదు. అట్టపెట్టె విప్పి బల్ల కింద పెడుతుంటే మా అమ్మ వచ్చి చూసింది.

"ఏందబ్బయ్యా, కుట్టుమిషను కింద ముక్క మాత్రం తెచ్చినావే! పైది యాడా?"

"కుట్టేదానికి కాదుమా. ఊరికే తొక్కేదానికి."

"ఊరికేనా?" అని ఆమె ఇంకేమీ అనలేదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకి నా జవాబు.

ముందు ఆ యంత్రానికి దక్కాల్సిన మర్యాద ఇచ్చేద్దాం. అది మోసం కాదు. గంటల తరబడి కదలని కాళ్ళలో రక్తం కిందనే నిలుస్తుంది. పిక్క కండరం ముడుచుకుని సాగితే దాన్ని పైకి నెడుతుంది. పాదం పలక మీంచి లేవదు గనక కీళ్ళకి దెబ్బ తగలదు. మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళకి, వీధిలోకి పోలేనివాళ్ళకి అది నిజంగా ఉపకారం చేస్తుంది. నా గొడవ వాళ్ళతో కాదు. లేవగలిగినవాణ్ణి లేవనీయకుండా చేసి, వాడి కాళ్ళ కింద దీన్ని తోసేవాళ్ళతో.

మొదటి నెల బాగానే తొక్కాను. మామూలు బల్ల ఎత్తు చాలక మోకాళ్ళు పైన తగిలేవి. చక్రాల కుర్చీ తొక్కేకొద్దీ వెనక్కి జారేది, గోడకి కట్టాను. అవును, కుర్చీని తాడుతో కిటికీ ఊచకి కట్టాను. రెండో నెలలో అసలు సంగతి బయటపడింది. మధ్యాహ్నం మీటింగుల మధ్య పదిహేను నిమిషాల విరామం ఒకటుండేది. ఒకరోజు మా పైఅధికారి నవ్వుతూనే అన్నాడు: "అందరి దగ్గరా మిషన్లున్నాయి కదా, ఇంక లేవాల్సిన పనేముంది, కంటిన్యూ చేద్దాం." అంతే, ఆ పదిహేను నిమిషాలు పోయాయి. తర్వాత ఎవరు ఎంత తొక్కారో వారంవారం పట్టిక వచ్చింది. అందులో నా పేరు కిందినుంచి మూడోది. పని వెనకబడితే సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు విరామం వెనకబడినా సిగ్గుపడుతున్నాను.

1953లో జెరీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సుల మీద చేసిన పరిశోధన ఈ చర్చలన్నిటికీ మూలం. కూర్చుని నడిపే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని ఆయన చూపించాడు. యంత్రాలు అమ్మేవాళ్ళకి ఇది ఇష్టమైన కథ: చూశారా, కదిలితే చాలు! కానీ ఆ కండక్టరు కదిలింది కాళ్ళతో మాత్రమేనా? మెడ తిరిగింది, కళ్ళు దూరం చూశాయి, నడుము వంగి లేచింది, నలుగురితో నోరు మాట్లాడింది. బల్ల కింద తొక్కేవాడికి మోకాళ్ళ కింది భాగం ఒక్కటే స్వతంత్రం. నడుము నుంచి పైనంతా కుర్చీలోనే, తెరకే. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అదే మాటతో పాటు, కూర్చునే సమయాన్ని తగ్గించండి అని కూడా చెప్పింది. మనవాళ్ళు మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశారు.

కూర్చుని కాళ్ళతో తొక్కుతూ చేతులతో పనిచేయడం మనకి కొత్తేమీ కాదు. మా జిల్లాలోనే వెంకటగిరి ఉంది. గుంటమగ్గం దగ్గర నేతగాడు గుంటలోకి కాళ్ళు వేలాడేసుకుని తొక్కుతాడు. తొక్కినప్పుడల్లా పడుగు విడుతుంది, ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. ఏతం తొక్కినవాడు ఆ దూలం మీద ఇటూ అటూ నడిస్తే చేలోకి నీళ్ళు పారాయి. వాళ్ళ ఆరోగ్యం గొప్పగా ఉండేదని నేను అనను. నేతగాడి నడుము నొప్పి, ఏతం తొక్కినవాడి ఆకలి చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. పాతకాలం బంగారమనే పాట నాకు రాదు. ఒక్క తేడా మాత్రం చెప్తాను: ఆ కాలికి ఫలితం కనిపించేది. గజం గుడ్డో, మడి తడుపో.

ఫలితం లేని తొక్కుడికి కూడా చరిత్ర ఉంది. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఖైదీల కోసం ఒక పెద్ద తొక్కుడు చక్రం తయారుచేశాడు. కొన్ని జైళ్ళలో దానితో పిండి విసిరించారు, నీళ్ళు తోడించారు. చాలాచోట్ల అది దేనికీ తగిలించలేదు, గాలిని విసరడమే దాని పని. అలుపే శిక్ష. 1898లో చట్టం చేసి దాన్ని మాన్పించారు. అండమాన్ జైల్లోనైతే మనవాళ్ళని ఎద్దుల బదులు గానుగకే కట్టారు. నా ఉద్యోగం జైలని అనడం లేదు, నెల జీతం తీసుకుంటూ ఆ మాటంటే అన్యాయం. కానీ ఉన్నచోటినుంచి కదలనీయకుండా కదిలించడం అనే ఉపాయం ఎక్కడ పుట్టిందో గుర్తుంచుకోవడం మంచిది.

చట్టం సంగతి చూడండి. 1948 ఫ్యాక్టరీల చట్టం నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలంది. బట్టల కొట్లలో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయిల కోసం కేరళ 2018లో, పక్కనున్న తమిళనాడు 2021లో కూర్చునే హక్కుని చట్టంలో రాశాయి. నిలబడేవాడికి కూర్చునే హక్కు ఉన్నప్పుడు, కూర్చున్నవాడికి లేచే హక్కు ఎందుకుండదు? ఉండకపోగా మనం ఎటు పోతున్నాం? వారానికి 70 గంటలు పనిచేయండని 2023లో నారాయణమూర్తి అన్నారు. ఫ్యాక్టరీల్లో రోజు పనిగంటల హద్దుని 9 నుంచి 10కి పెంచడానికి 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గమే ఒప్పుకుంది. గంటలు పెంచే చెయ్యి ఒకటి, మిషను పంచే చెయ్యి ఇంకొకటి. రెండూ ఒకే భుజానివి.

"నీకు ఓపిక లేక ఇదంతా. అయిదింటికి లేచి నడవొచ్చుగా?" అని నా బావమరిది అంటాడు. నడుస్తున్నాను. అయినా అడుగుతున్నాను: నా ఆరోగ్యం పూర్తిగా నా నిద్రలోంచే కోసుకోవాలా? పాడుచేసిన గంటలు కంపెనీవి, బాగుచేసుకునే గంటలు మాత్రం నావి. ఇదెక్కడి పంపకం?

కాబట్టి అడగాల్సింది మిషను మీద రాయితీ కాదు. గంటకోసారి పదినిమిషాలు లేవడం పనిలో భాగంగా లెక్కకట్టాలి. పనివేళ దాటాక ఫోను ఎత్తకపోతే తప్పు కాకూడదు. ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 నుంచి దీన్ని చట్టంగా పెట్టుకున్నాయి. ఇక ఎంత తొక్కామో చెప్పే పట్టిక ఎవరి కాళ్ళది వాళ్ళ దగ్గరే ఉండాలి.

మా మండలంలోనే నేలపట్టు ఉంది. చలికాలంలో గూడబాతులొచ్చి చెరువులో చెట్లమీద గూళ్ళు కట్టుకుంటాయి. పదేళ్ళుగా ఇంట్లోంచే పనిచేస్తానంటే ఎంత సంబరపడేవాణ్ణో, రోజూ వాటిని చూడొచ్చని. ఈ ఏడు ఒక్కసారే వెళ్ళాను, అదీ ఆదివారం. అమ్మ ఇప్పుడా మిషను తీసి వరండాలో పెట్టుకుంది. మోకాళ్ళకి మంచిదని చెప్పాను, సాయంత్రం పూట తొక్కుతుంది. ఇష్టమైనప్పుడు తొక్కుతుంది, విసుగొస్తే లేచిపోతుంది.

యంత్రంలో లోపం లేదు. లేచిపోగలగడంలోనే ఉంది అంతా.