చెరువులకు నాటుచేపలు తిరిగి వచ్చు దారి

కొల్లేరు వంటి సహజ మహాసరస్సు ఉత్తరాంధ్రమునకు లేదు. ఇచ్చట దాని స్థానమున నున్నవి, ఒకదాని కలుజుపై పొర్లిన నీరు దిగువదానికి చేరునట్లు పూర్వులు వరుసగా కట్టిన చెరువులును, గత శతాబ్ది ద్వితీయార్ధము నుండి గోస్తనిపై తాటిపూడి, సువర్ణముఖిపై మడ్డువలస, వంశధార నీటికై హిరమండలము మున్నగు చోట్ల వెలసిన జలాశయములును. వీనిలో ఏటేట బొచ్చె, రోహు, మోసు పిల్లలను లక్షలకొలది విడుచుచున్నారు. ఆ సంఖ్య సగర్వముగా ప్రకటింపబడుచున్నది. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, పరిగె అను నాటుచేపలెన్ని మిగిలినవని అడుగువారు మాత్రము అరుదు. విడిచిన పిల్లల సంఖ్య మత్స్యసంపదకు కొలత కానేరదు. ఎవరును విడువకయే చేప తన సంతతిని నిలుపుకొనగలిగిన నాడే ఆ నీరు బాగుపడినదని నా దృఢవిశ్వాసము.

పిల్లలను విడుచు ఈ పద్ధతి యెట్లు వచ్చినదో చూడవలెను. బొచ్చె, రోహు, మోసు మనదేశపు చేపలే యైనను నిలువనీట గ్రుడ్లు పెట్టవు. పారునట్టి వరదనీరు వానికి కావలెను. అందుచే పూర్వము నదులలో దొరకిన పిల్లలనే తెచ్చి చెరువులలో పెంచెడివారు. 1957 జూలై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, చేపల పీయూషగ్రంథి నుండి తీసిన రసమును ఎక్కించి వానిచే గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడగుటతో ఆ కొరత తీరినది. కోట్లాది ప్రజలకు ఆహారము సమకూర్చిన ఆ ఘనకార్యమును తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని విత్తనము సులభముగా లభించు చేపలపైననే దృష్టి యంతయు నిలిచి, తక్కినవి లెక్కకు రాని చేపలైనవి. 1952లో తిలాపియా, 1959లో వెండిచేప, గడ్డిచేప పరదేశముల నుండి వచ్చినవి. 1971లో వరదతో హిమాచల ప్రదేశపు గోవిందసాగరమున ప్రవేశించిన వెండిచేప అచటి బొచ్చెను వెనుకకు నెట్టివేసినది. ఇక ఆఫ్రికా మార్పు సంగతి చెప్పనేల? నిషేధమున్నను దొంగచాటుగా పెంచబడుచు, గట్టు తెగినప్పుడెల్ల చెరువులపాలగుచున్నది.

నాటుచేప జీవితము ఋతుచక్రముతో పెనవేసికొన్నది. ఎండాకాలమున చెరువు అడుగంటినప్పుడు కొర్రమీను, మార్పు, ఇంగిలాయి గాలిని నేరుగా పీల్చుకొను శక్తి గలవగుటచే, లోతైన మడుగులలోను తడి బురదలోను ప్రాణము నిలుపుకొనును. ఆషాఢమున గెడ్డలు పొంగగనే పరిగెలు ఎదురెక్కి, కాలువల గుండ వరిమళ్ళకు చేరి, ఆ పలుచని నీట గ్రుడ్లు పెట్టును. కొర్రమీను ఒడ్డున నాచు నడుమ చోటు చేసికొని గ్రుడ్లు పెట్టును; ఎర్రగా గుంపుకట్టి తిరుగు పిల్లలను తల్లిదండ్రులు రెండును కాచును. ఆ గుంపే తల్లి యున్న తావును వేటగానికి తెలుపును. ఆ సమయమున వలవేసి తల్లిని పట్టినచో ఒక తరము నశించినట్లే. పూడికతీత పేరిట చెరువునంతయు ఒకే మట్టముగా యంత్రములతో గీకివేసినప్పుడు మడుగులు పోవుచున్నవి. తూములకడ అడ్డుకట్టలు లేచినప్పుడు ఎదురెక్కు దారి మూసికొనుచున్నది. మళ్ళలోని పురుగుమందు గ్రుడ్లను చంపుచున్నది. టెక్కలి సమీపమున తేలినీలాపురమునకు ఏటేట వచ్చి గూళ్ళు కట్టు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు తమ పిల్లలను పోషించుకొనునది చుట్టుపట్ల చెరువుల, బీలలనబడు చిత్తడినేలల చేపలతోడనే. ఆ పక్షులకు స్వాగతము పలుకువారు వాని యాహారమును గూర్చియు చింతింపవలదా?

ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు చరిత్ర ఇచట స్మరణీయము. మితిమీరిన వేటయు, జలగవలె చేపను పట్టి రక్తము పీల్చు లాంప్రే అను జీవియు కలిసి అందలి ట్రౌట్ చేపను ఇంచుమించు తుడిచిపెట్టినవి. 1955లో అమెరికా, కెనడాలు ఉమ్మడి సంఘమును నెలకొల్పి, లాంప్రేను అణచి, వేటకు పరిమితి విధించి, పిల్లలనుకూడ విడిచిరి. చేప స్వయముగా వృద్ధిపొందుట గమనించి, 1990ల నాటికి ఆ సరస్సున అధికభాగమున విడుదలనే మానుకొనిరి. విడుదలను మానగలుగుటను విజయముగా నెంచిన ఆ దృష్టి మన మత్స్యశాఖకును అలవడవలెను.

మన తీరమున సముద్రపు వేటకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు విరామము కలదు. మంచినీటి చేపలు గ్రుడ్లు పెట్టునది ముఖ్యముగా ఆ తరువాత, తొలకరి వరదలలో. కావున జలాశయములందును పెద్ద చెరువులందును ఆషాఢ శ్రావణములలో వేట ఖచ్చితముగా ఆగవలెను. ఆ రెండు నెలలు ఇల్లు గడువని మత్స్యకారునిపై ఆ భారమును మోపుట అన్యాయము. కడలి వేటగానికి భృతి యిచ్చు ప్రభుత్వము చెరువు వేటగానికిని ఈయవలెను. నీట విషము కలుపుటను, ప్రేలుడు పదార్థములు వాడుటను 1897 నాటి మత్స్యచట్టమే నిషేధించినది. అమలు చేయుటకు కొత్త శాసన మక్కరలేదు.

పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల వర్ణనము 1803లో లండనులో అచ్చయినది. వానికి స్థానికులు పలికిన పేర్లనే అతడు పటములతో ప్రకటించెను. అట్టి పట్టిక నేడు ప్రతి జలాశయమునకును, ప్రతి పెద్ద చెరువునకును, అచటి మత్స్యకార సహకార సంఘపు వృద్ధులను కూర్చుండబెట్టుకొని వ్రాయవలెను: ఏ చేప ఉండెడిది, ఏ నెలలో ఎదురెక్కెడిది, ఎప్పటినుండి కనబడుట లేదు. పూడిక తీయుటకు అనుమతి నిచ్చుటకు ముందు, వేసవిలో ఆరని మడుగులు ఏవో గుర్తించి వానిని విడిచిపెట్టవలెను. ఏడాదికొకసారి మారు కౌలుదారుడు రాబోవు యేటి చేపను గూర్చి తలపోయడు గనుక, సంఘములకు దీర్ఘకాలపు కౌలు నీయవలెను. మడ్డువలసతో ఈ పని నారంభించి, పిల్లల విడుదల లెక్క ప్రక్కనే విడువకయే పుట్టిన చేపల లెక్కను ప్రతి సంవత్సరము ప్రకటించినచో, సొమ్ము ఎచట వ్యర్థమగుచున్నదో రెండు మూడేండ్లలో తేలగలదు.