ఆరోగ్య విషయములు: కంటిగాయము మానిన పిదప

కంటికి గట్టిదెబ్బ తగిలిననాడు ఇల్లంతయు తల్లడిల్లును. ఆసుపత్రికి పరుగెత్తుదురు, కుట్లు వేయింతురు, కట్టు కట్టింతురు. వారము తిరుగునప్పటికి నొప్పియు ఎఱుపును తగ్గును. గండము గడచినదని మ్రొక్కుబడి చెల్లించి అందఱును ఆ మాట మఱతురు. కాని నొప్పి తగ్గుట వేరు, కన్ను బాగగుట వేరు. దెబ్బనాడు నిలిచిన చూపు సైతము అటుపిమ్మట వచ్చు ఉపద్రవములచేత పోవుట కలదు. వానిని మొదట కనిపెట్టగలవారు ఇంట నుండు స్త్రీలే. బిడ్డ కంట మందు వేయునదియు, ముఖము చూచి బాధ గ్రహించునదియు వారే కదా. కావున సోదరీమణులు ఈ సంగతులు తెలిసికొనుట యవసరము.

ఫ్రాన్సుదేశమున కూవ్రే గ్రామములో 1809లో జన్మించిన లూయీ బ్రెయిలీ మూడేండ్ల ప్రాయమున, జీనులు కుట్టు తండ్రి పనిముట్లతో ఆడుకొనుచుండగా, తోలు కుట్టు ఆరె కంట గ్రుచ్చుకొనెను. చీము పట్టి ఆ కన్ను పోయెను. పిదప దెబ్బ యెఱుగని రెండవ కన్నును చెడి, అయిదేండ్లకే బిడ్డ పూర్తిగా అంధుడయ్యెను. వ్రేళ్ళతో తడవి చదువు లిపిని కల్పించిన మహనీయు డతడే. ఒక కంటి గాయము వలన రెండవ కన్ను వాచుటను వైద్యులు సింపథెటిక్ ఆఫ్తాల్మియా యందురు. బ్రెయిలీకి వచ్చినదియు ఇదియే యని పలువురి యభిప్రాయము. కంటిలోని రంగుపొర చీలినపుడు దేహరక్షణశక్తి దానిని పరాయివస్తువుగా నెంచి రెండు కన్నులపైనను దాడి చేయుటయే దీనికి కారణము. ఇది అరుదు. కాని వారములకు గాని, నెలలకు గాని, ఒక్కొక్కప్పుడు ఏండ్లకు గాని రావచ్చును. మంచికంట మసక, ఎఱుపు, వెలుతురు చూడలేకపోవుట కనబడినచో ఆ దినమే వైద్యునికడకు పోవలెను. బ్రెయిలీనాడు లేని స్టెరాయిడు మందులు నేడున్నవి. త్వరగా మొదలిడినచో చూపు దక్కు అవకాశము హెచ్చు.

బంతియో బిళ్ళంగోడు బిళ్ళయో తగిలి, చర్మము చిట్లకయే కంటిలోపల రక్తము చేరుట కలదు. నల్లగ్రుడ్డు క్రిందిభాగమున ఎఱ్ఱని గీటువలె అది కనబడును. అట్టివారిని తల యెత్తుగా నుంచి పరుండబెట్టవలెను. ఆటలు మాన్పవలెను. ఆస్పిరిన్ వంటి మాత్రలు వైద్యుడు చెప్పక ఈయరాదు. మొదటి అయిదారు దినములలో మరల రక్తము స్రవించి కంటి ఒత్తిడి పెరుగు భయము కలదు. ఇంతకంటె మోసకరమైన దింకొకటి కలదు. కంటినీరు బయటికి పోవు దారి ఆ దెబ్బకు చీలి, పదియేండ్లకో యిరువదియేండ్లకో నీటికాసుల వ్యాధి రావచ్చును. దానికి నొప్పి యుండదు, చూపు మెల్లమెల్లగా అంచులనుండి హరించును. కావున చిన్ననాడు దెబ్బతిన్న కంటికి జీవితాంతము ఏటేట ఒత్తిడి పరీక్ష చేయించవలెను.

దెబ్బవలన కంటి కటకము తెల్లబడి, పసివయస్సుననే శుక్లము వచ్చుట రెండవ ఉపద్రవము. దీనికి నేడు మంచి చికిత్స కలదు. ఆ చికిత్సయు కంటిగాయములనుండి పుట్టినదే. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల పైకప్పు పగిలి, ప్లాస్టిక్ తునుకలు వైమానికుల కన్నులలో చొచ్చుకొనగా, వానిని కన్ను సహించుట హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు గమనించెను. 1949 నవంబరు 29న లండను నగరమున ఆయన తొలిసారి కృత్రిమ కటకమును కంట నమర్చెను.

మూడవది రెటీనా యను వెనుకపొర ఊడుట. కంట మెఱుపులు మెఱయుట, నల్లని నలుసులు గుంపుగా తేలుట, ఒక ప్రక్కనుండి తెర దిగినట్లగుట దీని గుర్తులు. నొప్పి యుండదు గనుక పలువురు తాత్సారము చేయుదురు. నడిమిచూపు పోకముందే శస్త్రచికిత్స జరిగినచో ఫలము హెచ్చు. పొర నిలుచుటకై కంట వాయువు నింపినచో, వైద్యుడు చెప్పిన రీతిని తల వంచియుండుట రోగికి కష్టమే. చెంత కూర్చుండి పుస్తకము చదివి వినిపించుటయు శుశ్రూషయే. ఆ వాయువు కరగువఱకు విమాన మెక్కరాదు. ఎత్తున అది వ్యాకోచించి చూపునకే చేటు తెచ్చును.

తగ్గిన నొప్పి మరల హెచ్చినను, ఱెప్పలు వాచినను, చీము కనబడినను, అది రాత్రియైనను ఆగరాదు. లోపల చీము పట్టినచో గంటల వ్యవధిలో కన్ను పోగలదు. వరియాకు కోసికొనినను, ఊక పడినను బూజుజాతి క్రిములు చేరి పుండు పుట్టుట మన పల్లెలలో మెండు. అట్టి పుండునకు చనుబాలు, ఆముదము, ఆకుపసరు పోయుట అపాయము. అంగడిలో అడిగి తెచ్చిన స్టెరాయిడు చుక్కలు అంతకంటెను అపాయము. ఒక రోగమున ప్రాణప్రదమైన మందే వేరొకదానియందు విషమగును.

తాంబూలపు సున్నము బిడ్డ కంట పడినచో క్షణమైనను ఆలసింపక, దొరికిన శుభ్రమైన నీటితో అరగంట ధారగా కడిగి పిదప ఆసుపత్రికి పోవలెను. వస్తువు గ్రుచ్చుకొనిన కంటిని మాత్రము కడుగరాదు, నొక్కరాదు, వస్తువును లాగరాదు. కంటికి తగులకుండ గిన్నెవంటిది అడ్డుంచి తీసికొనిపోవలెను. సున్నపు కాలుడు మానినను, నల్లగ్రుడ్డు అంచున నుండు మూలకణములు నశించి తెల్లపొర క్రమ్మును. మంచికంటినుండి ఆ కణముల తునుక నొకదానిని తీసి నాటు సులభపద్ధతిని హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ నేత్రసంస్థ వైద్యులు 2012లో ప్రకటించిరి.

ఏడెనిమిదేండ్లలోపు బిడ్డలకు కన్ను మానినను మెదడు ఆ కంటితో చూచుట మఱచును. అప్పుడు మంచికంటికి రోజు కొన్నిగంటలు కట్టు వేయుమందురు. బిడ్డ యేడ్చునని జాలిపడి కట్టు విప్పుట జాలి కాదు.

చుక్కలమందు వేయునపుడు చేతులు కడిగికొని, క్రిందిఱెప్ప లాగి ఒక్క చుక్క వేయవలెను. సీసామొన కంటికి తగులరాదు. రెండు మందులకు నడుమ అయిదు నిమిషములు విడువవలెను. నయమైనదని మందు తమంతట మానరాదు. ప్రతి ఆదివారము ఒక్కొక్క కన్ను మూసి గోడమీది కాలెండరు చదివించినచో తగ్గిన చూపు తెలియును. దెబ్బతగిలిన తేదీ, కంటి ఒత్తిడి, మరల రమ్మన్న దినము ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆ పుస్తకము ఆడపిల్లతో అత్తవారింటికిని పోవలెను.

ఈ కడపటిమాట ఊరక చెప్పలేదు. కంటిలోపము నలుగురికి తెలిసినచో సంబంధములు తప్పునని కొందఱు తల్లిదండ్రులు ఆడుబిడ్డల పరీక్షలు మాన్పింతురు. ఒంటికన్ను మిగిలిన బిడ్డకు ఆ రెండవ కన్నే సర్వస్వము. దానికి పగులని పాలీకార్బొనేటు అద్దములు పెట్టించుట, పోయిన కంటి స్థానమున కృత్రిమనేత్ర మమర్చి చదువు సాగించుట తల్లుల విధి. దాచిన లోపము ఒకనాటికి బయటపడును, దాచుటచే పోయిన చూపు మాత్రము తిరిగి రాదు.