కొత్త కోచ్‌కి అల్లుడి మర్యాద

సంక్రాంతికి తొలిసారి అత్తారింటికి వచ్చిన అల్లుణ్ని గోదావరి జిల్లాల్లో ఎలా చూసుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. విస్తట్లో ఖాళీ కనబడితే అత్తగారికి నామోషీ. వద్దంటే మరో రెండు పూతరేకులు పడతాయి. అల్లుడు చిన్న జోకు వేసినా ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుతారు. అతనేం ఉద్యోగం చేస్తాడో సరిగ్గా తెలియని పక్కింటి తాతగారు కూడా ‘కుర్రాడు బుద్ధిమంతుడు’ అని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు.

ఇంచుమించు అవే రోజుల్లో అమెరికాలోని యూనివర్సిటీ ఊళ్లలో ఇంకో రకం అల్లుడికి మర్యాదలు జరుగుతుంటాయి. ఆయన కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కొత్తగా వచ్చిన కోచ్. వెంట పదిమందో, అంతకు మించో సహాయ కోచ్‌లు. పెళ్లివారిలా దిగిన ఆ బృందానికి అభిమానుల సంఘం ఇచ్చే మధ్యాహ్న విందే ఈ వారం మన కబురు.

కాలేజీ జట్టు కోచ్‌కి ఇంత హడావుడా అంటారా? మన దగ్గర యూనివర్సిటీ జట్టు గెలిచిందో ఓడిందో ఒక్కోసారి ఆ క్యాంపస్‌లోనే తెలియదు. అక్కడ అలా కాదు. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వాళ్లు సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్ అంటే, కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని, తలకు శిరస్త్రాణాలతో ఒకరినొకరు కుమ్ముకునే ఆట. కాలేజీల మధ్య 1869 నుంచి సాగుతోంది. లక్షమందికి పైగా పట్టే స్టేడియాలు ఆ దేశంలో ఎనిమిది కాలేజీ జట్లకు ఉన్నాయి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో సీట్లు 1,07,601. అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసా అనే ఊరి జనాభా 2020 లెక్కల ప్రకారం లక్షకు కాస్త తక్కువ. అక్కడి స్టేడియంలో సీట్లు లక్షకు కాస్త ఎక్కువ. పసిపిల్లలతో సహా ఊరు ఊరంతా వచ్చి కూర్చున్నా ఇంకా కుర్చీలు మిగులుతాయన్నమాట!

ఇంత పెద్ద తిరనాళ్ల వెనక ఉండేవాళ్లే ‘బూస్టర్లు’. పాలల్లో కలుపుకునే పొడి గుర్తొస్తే తప్పు మీది కాదు. వీళ్లు చేసేదీ దాదాపు అదే పని... జట్టుకు బలం పట్టడం. పూర్వ విద్యార్థులు, ఊళ్లో వ్యాపారులు, ఆ కాలేజీ గడప ఎన్నడూ తొక్కకపోయినా ఆ జట్టే ప్రాణమనుకునే మామూలు జనం కలిసి సంఘంగా ఏర్పడతారు. ఏటా విరాళాలిస్తారు. ఎంత ఎక్కువిస్తే స్టేడియంలో అంత మంచి సీటు కొనుక్కునే హక్కు. సీటు హక్కు కోసం ఇచ్చే ఆ సొమ్ములో 80 శాతానికి ఆదాయపన్ను మినహాయింపు కూడా ఉండేది. 2017లో వచ్చిన చట్టంతో అది పోయింది. భక్తి మాత్రం తగ్గలేదు.

ఇక విందు. ఊళ్లో ఓ పెద్ద హోటల్ హాలు. గుండ్రటి బల్లల మీద జట్టు రంగు గుడ్డలు. వచ్చినవాళ్ల చొక్కాలదీ అదే రంగు. దక్షిణాది రాష్ట్రాల్లోనైతే ముందు ఓ చిన్న ప్రార్థన. ఆ తర్వాత వరసలో నిలబడి ఎవరి పళ్లెం వాళ్లు నింపుకోవాలి. చికెన్, బీన్స్, బన్ను, చక్కెర దట్టంగా వేసిన చల్లటి టీ. మన అల్లుడి విస్తరితో పోలిస్తే ఉపవాసం కిందే లెక్క! అయినా అక్కడికెవరూ తిండి కోసం రారు.

కూర్చునే తీరులోనే అసలు సంగతి తెలిసిపోతుంది. ముందు బల్లలన్నీ పెద్ద విరాళాలవారివి. కార్ల షోరూముల యజమానులు, కాంట్రాక్టర్లు, లాయర్లు. కోచ్ వాళ్లను పేరుపెట్టి పిలుస్తాడు. వెనక బల్లల్లో భోజనం టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు ఉంటారు. రిటైరైన మాస్టార్లు, పోస్టాఫీసు ఉద్యోగులు, తాతలు, వాళ్ల చేతులు పట్టుకుని వచ్చిన మనవలు. ముప్ఫై ఏళ్లుగా ఒక్క ఆటా వదలనివాళ్లు వీళ్లలోనే ఎక్కువ.

కోచ్ మైకు అందుకుంటాడు. భార్యాపిల్లల్ని పరిచయం చేస్తాడు. ఇకనుంచి మీరంతా మా కుటుంబమే అంటాడు. చప్పట్లు. పొరుగు ప్రత్యర్థి జట్టు పేరైనా పలకకుండా దాని మీద ఓ చురక వేస్తాడు. ఇంకా గట్టిగా చప్పట్లు. తర్వాత తెర మీద కొత్తగా చేరుతున్న కుర్రాళ్ల ఆట దృశ్యాలు. ఆ దృశ్యాల్లో ఎవ్వరూ బంతి జారవిడవరు. ఎవ్వరూ కిందపడరు. పెళ్లిచూపులకు ముందు పంపే ఫొటోల్లాంటివే అవీనూ!

నన్నడిగితే ఆ హాల్లో చూడాల్సింది కోచ్‌ని కాదు. వేదిక పక్కన వరసగా కూర్చున్న సహాయ కోచ్‌లని. ఒక్కొక్కరే లేచి పేరు, సొంత ఊరు, తన బాధ్యత చెప్పి కూర్చుంటారు. ఒకాయన దాడి చూస్తాడు, ఇంకొకాయన రక్షణ వరస, మరొకాయన బంతి తన్నేవాళ్ల పని. వీళ్లలో పేరున్న ఇద్దరు ముగ్గురిని మినహాయిస్తే చాలామందివి ఏడాది, రెండేళ్ల ఒప్పందాలు. పెద్ద కోచ్ పోతే కొత్తగా వచ్చినాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. పాతవాళ్లు పెట్టెలు సర్దుకోవాలి. బడి సంవత్సరం మధ్యలో పిల్లల్ని కదపలేక భార్యను, పిల్లల్ని పాత ఊళ్లోనే వదిలి, తను హోటల్ గదిలో ఉంటున్నవాళ్లు ఆ వరసలో తప్పక ఉంటారు. ఇప్పుడు వాళ్లు కూర్చున్న కుర్చీల్లోనే రెండు మూడేళ్ల కిందట ఇంకొకరు కూర్చున్నారు. ఈ జనమే ఇవే చేతులతో వాళ్లకూ చప్పట్లు కొట్టారు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత... సామెత మనదే కానీ, ఆచరణ వాళ్లది!

పాతకాలంలో ఓపిక ఉండేదని చెప్పడానికి అలబామా కథే సాక్ష్యం. 2007 జనవరిలో నిక్ సేబన్ అనే కోచ్‌ని ఎనిమిదేళ్లకు 3.2 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్నారు. ఆ ఏప్రిల్‌లో జట్టు రెండుగా చీలి తమలో తాము ఆడుకునే సాధన ఆటకు 92,138 మంది వచ్చారు. గుర్తుంచుకోండి, ప్రత్యర్థే లేని ఆటకు! తీరా సీజన్‌లో జరిగిందేమిటి? ఏడు గెలుపులు, ఆరు ఓటములు. నవంబరులో లూసియానా మన్రో అనే చిన్న యూనివర్సిటీ జట్టు చేతిలో, సొంత మైదానంలో ఓడిపోయారు. ఆ రాత్రి ఆయన్ని పంపించేసి ఉంటే తర్వాతి కథ ఉండేది కాదు. ఆగారు. 2009లో జాతీయ విజేత. 2023 దాకా పదిహేడు సీజన్లలో మొత్తం ఆరుసార్లు ఆ కిరీటం తెచ్చిపెట్టాడు.

2024 జనవరి 10న సేబన్ రిటైరయ్యాడు. రెండు రోజుల్లో కేలెన్ డిబోర్ వచ్చాడు. అంతకు నాలుగు రోజుల ముందే ఆయన వాషింగ్టన్ యూనివర్సిటీ జట్టుతో ఫైనల్ ఆడాడు. అలబామాలో విందులు జరుగుతుంటే వాషింగ్టన్ అభిమానుల ఇళ్లలో అల్లుడు అలిగి వెళ్లిపోయినంత దిగులు. డిబోర్ తొలి సీజన్‌లో తొమ్మిది గెలిచి నాలుగు ఓడాడు. సేబన్ తొలి ఏడాది కంటే మెరుగే. అయినా అక్టోబరులో వాండర్‌బిల్ట్ చేతిలో ఓడిన రోజునుంచే ‘ఈయన పనికిరాడు’ అన్న మాట మొదలైంది. పదిహేడేళ్లలో ఓపిక అంత కరిగిపోయింది.

తప్పంతా అభిమానులదే అంటే అన్యాయం. కోచ్‌లు మాత్రం తక్కువ తిన్నారా? 2001 డిసెంబరులో నోటర్ డేమ్ యూనివర్సిటీకి వచ్చిన జార్జ్ ఓలీరీ, బయోడేటాలో అబద్ధాలు బయటపడి ఐదు రోజులకే దిగిపోయాడు. పీటల మీద నుంచి లేచిపోయినట్టే! లేన్ కిఫిన్ 2010 జనవరి 12న, ఒక్క సీజన్ ఆడించి టెనెసీని వదిలి దక్షిణ కాలిఫోర్నియాకు వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాక్స్‌విల్‌లో విద్యార్థులు వీధుల్లోకొచ్చి పరుపులు తగలబెట్టారు. మనకు భోగి మంటలు వేసే రోజులే అవి. అదే కిఫిన్‌ని 2013లో దక్షిణ కాలిఫోర్నియావాళ్లు ఓ ఓటమి తర్వాత విమానం దిగిన చోటే, తెల్లవారుజామున పీకేశారు. 2025 నవంబరు 30న ఆయన మళ్లీ పెట్టె సర్దాడు. ఈసారి వదిలింది మిసిసిపీ జట్టుని. అదీ వాళ్లు తొలిసారి జాతీయ ప్లేఆఫ్ ఆడబోతున్న వేళ. చేరింది పొరుగునే ఉన్న లూసియానా జట్టులో. ‘మీరంతా మా కుటుంబం’ అన్న మాటకు ఇక ఏం విలువ ఉంటుంది చెప్పండి?

ఈ మధ్య ఆ విందుల్లో మారిన సంగతి ఇంకొకటుంది. అది లాంఛనాల సంగతి!

మనవాళ్లు వేలల్లో ఉండే డాలస్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఉంది. 1980లలో అక్కడి బూస్టర్లు ఆటగాళ్లకు చాటుమాటుగా డబ్బులిచ్చారు. చివరికి పట్టుబడిన లెక్క, 13 మందికి కలిపి 61 వేల డాలర్లు. అది మొదటి తప్పేమీ కాదు, హెచ్చరికలు ముందే ఉన్నాయి. దాంతో 1987లో జాతీయ క్రీడా సంఘం ఆ జట్టు సీజన్ మొత్తాన్నీ రద్దుచేసింది. మరుసటి ఏడాది వాళ్లే ఆడలేమని చేతులెత్తేశారు. సీజన్ తర్వాత మంచి జట్లకు దక్కే బౌల్ పోటీల్లో మళ్లీ కాలుపెట్టడానికి ఆ జట్టుకు 2009 దాకా పట్టింది.

ఇప్పుడు కాలం తిరగబడింది. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద డబ్బు సంపాదించుకోవచ్చు. బూస్టర్లు బహిరంగంగా నిధులు పోగేసి ఇవ్వడం మొదలుపెట్టారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా, తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా, తమ క్రీడాకారులకు పంచే వీలొచ్చింది. ఒకప్పుడు జట్టునే చంపిన నేరం, ఇప్పుడు విందులో కోచ్ మైకు పట్టుకుని నవ్వుతూ అడిగే సాయం! నిజానికి ఆ కుర్రాళ్ల చెమటతో లక్షల సీట్లు నిండుతుంటే వాళ్ల చేతికి నాలుగు డబ్బులు రావడం న్యాయమే. దాన్ని తప్పుపట్టలేం.

చిక్కల్లా వెనక బల్లలవాళ్లకు. వాళ్లు ఇవ్వగలిగింది ఇన్నాళ్లూ మూడే... టికెట్టు డబ్బు, గొంతు, ఓపిక. ఆటగాళ్లను కొనే నిధిలో ముందు బల్లల వాటా ముందు వాళ్ల వంద డాలర్లు ఏ మూలకు? కోచ్‌ని తెచ్చేటప్పుడు వాళ్లనెవరూ అడగరు. తీసేసేటప్పుడూ అడగరు. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్లు జింబో ఫిషర్‌ని ఒప్పందం మధ్యలో పంపించడానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించేందుకు సిద్ధపడ్డారు. పనిచేయకుండా ఇంట్లో కూర్చోవడానికి మన లెక్కలో ఆరు వందల కోట్ల రూపాయలు! అలాంటి నిర్ణయాలు హోటల్ హాల్లో చేతులెత్తించి తీసుకునేవి కావు.

పైగా ఆటగాళ్లు ఓ కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడం తేలికయ్యాక ‘మూడేళ్లు టైమివ్వండి’ అన్న మాట చెల్లడం లేదు. ఇండియానా యూనివర్సిటీ 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడింది. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెట్టీ తన పాత జట్టు నుంచి పదిమందికి పైగా ఆటగాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. మరుసటి ఏడాది పదకొండు గెలుపులు. ఆ పై సీజన్‌కు ఏకంగా జాతీయ విజేత. ఇక ప్రతి ఊరి అభిమానీ తన అల్లుణ్ని ఆ పక్కింటి అల్లుడితో పోల్చడం మొదలుపెట్టాడు. పోలిక వచ్చాక ఏ కాపురం బాగుపడింది?

అందుకే అంటున్నాను. వెనక బల్లలవాళ్ల దగ్గర డబ్బుతో కొనలేనిది ఇంకా ఒకటి మిగిలింది. ఓపిక. కోచ్‌ని తీసేసే కాగితం మీద సంతకం వాళ్లది కాకపోవచ్చు. కానీ ఆ కాగితం బయటికి తీయించేది నవంబరులో స్టేడియంలో లేచే వెక్కిరింతే. అది వాళ్ల నోటిలోంచి వచ్చేదే. తొలి ఏడాది చిన్న జట్టు చేతిలో ఓడినా మళ్లీ వచ్చి అదే సీట్లో కూర్చున్న 2007 నాటి అలబామా జనం చేసింది, ఏ కోటీశ్వరుడి చెక్కూ చేయలేని పని.

అక్కడ యూనివర్సిటీల్లో చదువుతున్న మన పిల్లలు కూడా జట్టు రంగు చొక్కా వేసుకుని ఈ పిచ్చిలో పడుతున్నారు. మంచిదే. ఎప్పుడైనా అలాంటి విందుకు టికెట్టు దొరికితే తప్పక వెళ్లమనండి. కోచ్‌తో ఫొటో దిగడానికి ఎలాగూ పెద్ద క్యూ ఉంటుంది. ఈలోపు చివర కూర్చున్న సహాయ కోచ్ దగ్గరికి వెళ్లి, ఇల్లు దొరికిందా, పిల్లల్ని ఏ బళ్లో వేశారు అని అడగమనండి. అల్లుడికి పూతరేకులు అందరూ వడ్డిస్తారు. వెంట వచ్చినవాళ్లు తిన్నారా లేదా అని కనుక్కునేవాళ్లే అసలైన మర్యాదస్తులు!