కార్డుంది, ఓటేది?



‘ఓటరు కార్డు లేనివారిని బూత్‌లోకి రానివ్వొద్దు’ అంటూ ఆదివారం మీ పత్రికలో వేసిన వ్యాసం చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

ఫొటో కార్డుల పని 1993లో ఎన్నికల ప్రధాన కమిషనర్ శేషన్ గారి హయాంలోనే మొదలైంది. ఇవాళ ఆ కార్డో, దాని బదులు ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు వంటిదో చూపించందే వేలికి సిరా పడదు. ఆ బదులు కాగితాలన్నీ ఎత్తేయమని వ్యాసకర్త కోరిక. కూలికి పోయే మనిషి జాబ్ కార్డు తెస్తే ఈయనకేం నొప్పి?

కార్డే సర్వమంటారా, మా మేనత్త సంగతి వినండి. 2019లో లామినేషన్ చేయించిన కార్డు పట్టుకుని ఆటోలో వెళ్లింది. జాబితాలో ఆవిడ ఫొటో మీద అడ్డంగా ‘డిలీటెడ్’ ముద్ర! ఇల్లు మారిందట. కాపురానికొచ్చిన ఇంట్లోనే ఉంది మహాతల్లి. గుమ్మం దాటితే గుడికి, లేదంటే కంటి ఆసుపత్రికి. బూత్‌లోని ఏజెంట్లు, అన్ని పార్టీలవాళ్లూ, ‘ఈవిడ మాకు తెలుసండీ’ అన్నారు. ‘కార్డుంటే చాలదమ్మా, జాబితాలో పేరుండాలి’ అన్నాడు అధికారి. రూలే, కాదనను. నోటీసిచ్చి విచారించాకే పేరు తీయాలన్నదీ రూలేగా? అది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఎండలో వెళ్లిన మనిషి ఎండలోనే తిరిగొచ్చింది.

ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో ఓట్లు తీసేయమంటూ ఫారం-7లు లక్షల్లో వచ్చిపడ్డాయి. ‘మా పేరుతో ఎవరో పెట్టారు’ అని జనం పోలీసుల దగ్గరికి పరుగెత్తారు. అంతకుముందు 2018లో తెలంగాణలో గుత్తా జ్వాలంతటి క్రీడాకారిణికే జాబితాలో పేరు లేదు. పేర్లు గల్లంతైనందుకు రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. వీళ్లలో ఎవరిని కార్డు కాపాడింది?

అన్నట్టు, ప్రతి ఎన్నికకూ ‘హైదరాబాదీల బద్ధకం’ అని పెద్దక్షరాల్లో వేస్తారు మీరు. పేరు తీసేసినవాడు మీ పోలింగ్ శాతంలో లెక్కకే రాడు. నగరంలోనూ సొంతూళ్లోనూ రెండుచోట్లా పేరున్నవాడు ఊరెళ్లి ఓటేసొస్తే, నగరంలో బద్ధకస్థుడి కింద జమ! వాడు రెండుచోట్లా వేసినా కార్డు అసలుదే, ఫొటో వాడిదే. మీ వ్యాసకర్త వాణ్ణెలా పట్టుకుంటారో సెలవివ్వాలి.

రోగం జాబితాలో ఉంటే మందు కార్డుకు పూస్తారేమిటండీ? ముసాయిదా జాబితా వెలువడినప్పుడు, తొలగించిన పేర్లు పట్టుకుని మీ విలేకరులను ఒక్క వీధికైనా పంపండి. ముందుగా మా వీధికే రమ్మనండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి