సొరుగులో సెల్‌ఫోను

ఉద్యోగం చెయ్యడం కష్టమని అందరూ అంటారు. ఇంకొకరి చేత ఉద్యోగం చేయించడం అంతకంటే కష్టమని చెప్పేవాళ్లు తక్కువ. నేను రెండూ చేశాను గనక, ఎవరూ అడక్కపోయినా చెబుతున్నాను.

విజయవాడలో ఒక స్టీలు సామాను హోల్‌సేలు కొట్లో లెక్కలు చూస్తాను. వెనకటి భాషలో గుమాస్తాని, ఇప్పటి భాషలో మేనేజరుని. జీతం మాత్రం ఆ రెండు మాటలకూ మధ్యస్థంగా వుంటుంది. నా కింద బిల్లులు తయారుచేసే అబ్బాయి ఒకడున్నాడు. పేరెందుకు లెండి. బీకాం ప్యాసయ్యాడు. చేతివేగం వుంది, పెద్దవాళ్లంటే గౌరవం వుంది. వున్న చిక్కల్లా ఒక్కటే, అతని బల్ల సొరుగు.

నేను అటు లేవగానే ఆ సొరుగు నాలుగంగుళాలు తెరుచుకుంటుంది. ఇటు రాగానే మూసుకుంటుంది. తెరిచినంతసేపూ, లోపల ఎవరో దీపం పెట్టినట్టు, సెల్‌ఫోను వెలుగు అతని గడ్డం మీద పడుతూ వుంటుంది. చూసేవి రీల్సట. ఒక్కొక్కటి అరనిమిషం. అరనిమిషానికే కొంప మునుగుతుందా అంటారేమో. వేరుశనక్కాయలు తినేవాడు కూడా ఒక్క కాయే అనుకుని మొదలుపెడతాడు. ఒక్క కాయతో లేచిపోయినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మొదట్లో చూసీ చూడనట్టు వూరుకున్నాను. దానికో కారణం వుంది. మా నాన్నగారు 1960ల్లో తాలూకా ఆఫీసులో గుమాస్తా. వారపత్రిక వచ్చిన రోజున ఆ ఆఫీసులో కాగితం కదిలేది కాదని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. ఉన్నది ఒకటే కాపీ. అది ఒక సొరుగులోంచి ఇంకో సొరుగులోకి ప్రయాణం చేసేది. కథానాయిక బావను పెళ్లాడుతుందా, డాక్టర్ని పెళ్లాడుతుందా అన్నది తేలేదాకా రైతు అర్జీలు ఎదురుచూడవలసిందే. హెడ్డు గుమాస్తాగారు మండిపడేవారట. ఎందుకూ? పత్రిక ముందుగా తన బల్లకు రాలేదని.

కాబట్టి సొరుగు కొత్తది కాదు, అందులో సరుకు మారిందంతే అని సర్దిచెప్పుకున్నాను. కాని తర్వాత ఒక తేడా తోచింది. సీరియలు ఎంత ఆసక్తిగా వున్నా, చివర 'వచ్చేవారం' అని వుండేది. అక్కడ ఆగక తప్పదు. ఇంటర్నెట్టు కూడా మొదట్లో అలాగే వుండేది. మన దేశంలో 1995 ఆగస్టు 15న అది సామాన్య జనానికి అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు నెట్ సెంటరులో గంటకింతని ఇచ్చి కూర్చునేవాళ్లం. గంట కాగానే కొట్టువాడే వచ్చి లేపేవాడు. ఇప్పుడు లేపేవాడు లేడు. రీలుకు 'వచ్చేవారం' లేదు.

సరే, సంగతికి వస్తాను. సంక్రాంతి రోజుల్లో రోజుకు నలభై బిల్లులు తీసిన అబ్బాయి శ్రావణమాసం వచ్చేసరికి పాతిక తీస్తున్నాడు. అదీ పెళ్లిళ్ల రద్దీలో. ఇంతలో ఒకనాడు ఖమ్మం వెళ్లవలసిన మా సరుకు లారీని తెల్లవారుజామున దారిలో తనిఖీవాళ్లు ఆపారు. యాభై వేల రూపాయలు దాటిన సరుకు బయల్దేరితే ఈ-వే బిల్లు అని ఒకటి వుండాలి గదా. బిల్లు వుంది. కాని బిల్లులో లారీ నంబరు ఒకటి, లారీ మీద రాసి వున్నది ఇంకొకటి. రెండంకెలు తారుమారయ్యాయి. నంబరులో ఒకటి రెండంకెల పొరబాటైతే చిన్న జరిమానాతో వదిలెయ్యమని 2018లో కేంద్రంవారు ఇచ్చిన సర్క్యులరు పుణ్యమా అని వెయ్యి రూపాయలతో బయటపడ్డాం. అయితే ఆ తతంగమంతా ముగిసేసరికి మధ్యాహ్నమైంది. పెళ్లివారికి పొద్దున్నే సామాను ఇస్తానని మాట ఇచ్చిన ఖమ్మం వ్యాపారి ఫోనులో అన్న మాటలు ఇక్కడ రాయను. ఇది పిల్లలూ చదివే పత్రిక.

మా యజమానిగారు ఒక్క మాటే అన్నారు. "ఆ కుర్రాణ్ణి పంపించెయ్యండి. సోమవారం నుంచి రానక్కర్లేదని చెప్పండి."

పైచదువులు చదివి వచ్చిన వారి అబ్బాయిగారు అడ్డుపడ్డారు. "పంపడం దేనికి నాన్నగారూ? పది నిమిషాలకోసారి తెర ఫొటో తీసే సాఫ్ట్‌వేరు వుంది. కుర్చీ వెనక ఒక కెమెరా పెడదాం. దెబ్బకి దారికొస్తాడు" అన్నారు.

ఆ రెంటిలో ఏది చెయ్యాలో సోమవారానికల్లా తేల్చమని నాకు వదిలారు.

శనివారం సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు ఈ సంగతి మా వకీలు మిత్రుడితో చెప్పాను. ఆయన బెంచీ మీద కూర్చోబెట్టి ఒక కేసు చెప్పాడు. రుమేనియా దేశంలో 2007లో ఒక కంపెనీవారు, తమ ఇంజినీరు ఒకాయన ఖాతాదారుల కోసం పెట్టిన యాహూ మెసెంజరులో సొంత కబుర్లు చెబుతున్నాడని కనిపెట్టారు. తొమ్మిది రోజుల పాటు అన్నీ చూశారు. సోదరుడితోనూ, పెళ్లాడబోయే అమ్మాయితోనూ చెప్పుకున్న మాటలు నలభై అయిదు పేజీలు అచ్చు తీసి అతని ముందు పెట్టారు. ఉద్యోగం పోయింది. సొంత దేశపు కోర్టుల్లో ఓడాడు. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానంలో కూడా 2016లో ఓడాడు. అదే న్యాయస్థానంలోని విస్తృత ధర్మాసనం 2017 సెప్టెంబరు 5న, పదకొండు మంది ఒకవైపు, ఆరుగురు ఒకవైపుగా, అతని పక్షాన తీర్పు చెప్పింది.

"అంటే ఆఫీసులో కబుర్లు చెప్పుకోవచ్చన్నమాట" అన్నాను.

"తొందరపడకు. వద్దని కట్టడి చేసే హక్కు యజమానికి లేదని కోర్టు అనలేదు. ఫలానా విధంగా చూస్తామని ముందుగా అతనికి చెప్పారా? అతని మాటలన్నీ చదివేటంత అవసరం వుందా? అంతకంటే మృదువైన దారి లేకపోయిందా? ఈ ప్రశ్నలు కింది కోర్టులు సరిగా వేసుకోలేదంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు చెప్పిందీ ఆ సంవత్సరమే, ఆగస్టు 24న. కెమెరా సంగతి తర్వాత చూడొచ్చు. ముందు ఆ అబ్బాయిని అడిగావా?"

అడగలేదు. ఆర్నెల్లుగా సొరుగు వంక చూశానే గాని, ఒక్కనాడూ నోరు విప్పలేదు.

సరే, అడిగే ముందు రుజువు చేతిలో వుండాలి గదా అని ఆ రాత్రి వాట్సాప్ తెరిచాను. లారీ నంబరు అతనికి పంపింది నేనే. రాత్రి పది నలభైకి. ఆఖరి నిమిషంలో లారీ మారితే డ్రైవరు నాకు ఫోను చేశాడు, నేను అతనికి పంపాను. అతను ఇంటి దగ్గర్నుంచే తన ఫోనులో ఈ-వే బిల్లు తీశాడు. పంపిన నంబరు చూశాను. డ్రైవరు చెప్పగా కాగితం మీద రాసుకున్నది పక్కన పెట్టి చూశాను. ఇంకోసారి చూశాను.

అంకెలు తారుమారు చేసింది నేను.

నా మొహం చూసి మా ఆవిడ ఏమైందని అడిగింది. చెప్పాను.

"ఆ రాత్రేనా? గుర్తుంది. కుడిచేత్తో పెరుగన్నం, ఎడంచేత్తో ఫోను. రెంటిలో ఒక్కటైనా సవ్యంగా జరుగుతుందా అనుకున్నాను" అంది.

అక్కడితో ఆగక ఆ నెలలో రాత్రి తొమ్మిది దాటాక అతనికెన్ని సందేశాలు పంపానో లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. అతను కొట్లో సొంత పని చేసుకుంటున్నాడని నా ఫిర్యాదు. అతని ఇంట్లో కొట్టు పని చేయిస్తున్నానన్న ఆలోచనే నాకు రాలేదు.

సోమవారం పొద్దున్నే యజమానిగారి దగ్గరికి వెళ్లాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో "తప్పు నాదండీ" అనడానికి గొంతు సులువుగా పెగల్దు. కాని చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూసి, "వెయ్యి రూపాయలు మీ ఖాతాలో రాసుకోండి" అన్నారు. రాసుకున్నాను.

తర్వాత అబ్బాయిని గోడౌనులోకి పిలిచాను. అందరి ముందూ కాదు.

"నంబరు తప్పు నాదయ్యా. నీమీద పెట్టబోయాను" అన్నాను. అతను తలెత్తి చూశాడు. "అయితే ఆ పాతిక బిల్లులూ మాత్రం నీవే. నలభై తీసినవాడివి పాతికకు ఎలా దిగావు?"

చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు. "పార్టీల ఆర్డర్లన్నీ నా ఫోనుకే వస్తాయి సార్. ఆర్డరు చూద్దామనే తీస్తాను. చూసి పెట్టేద్దామనే అనుకుంటాను. వేలు దానంతటదే పక్కకెళ్లిపోతుంది. మళ్లీ చూసేసరికి పావుగంట అయిపోతుంది. ఇంటికెళ్లాక నాకే సిగ్గేస్తుంది."

చూశారా! తాగుడు మానమంటూ కల్లు దుకాణంలో ఉద్యోగమిచ్చినట్టుంది మా వ్యవహారం.

ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాశాం. ఆర్డర్లు ఇకమీదట కొట్టు కంప్యూటరుకే వస్తాయి. పదకొండింటికీ నాలుగింటికీ టీ వేళ పది నిమిషాలు ఫోను ఎవరిష్టం వాళ్లది, చూసింది ఏమిటని ఎవరూ అడగరు. మిగతా వేళ ఇంట్లో అవసరమొస్తే కౌంటరు ఫోనుకు చేస్తారు. రాత్రి ఎనిమిది దాటాక నేను సందేశం పంపను. తప్పనిసరైతే ఫోను చేసి మాట్లాడతాను. లారీ నంబరు ఫొటో తీసి పంపాలి, వేళ్లతో కొట్టకూడదు. శనివారం శనివారం బిల్లుల లెక్క ఇద్దరం చూసుకుంటాం. నా ఫోను కూడా అదే సొరుగులో వుంటుంది. ఈ చివరిది అతను అడగలేదు. నేనే రాశాను. రాసినందుకు మొదటి రెండు రోజులూ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంత చేసినా అతను మారకపోతే? ఆ మాటా ముందే చెప్పాను. కాగితం మీద హెచ్చరిక, ఒక నెల గడువు, అప్పటికీ కాకపోతే సెలవు. దయ వుండాలి గాని, కొట్టు ధర్మసత్రం కాదు. అయితే ఏ తప్పుకు ఏమవుతుందో ముందుగా తెలిసి వుండాలి. తెలియకుండా శిక్షిస్తే అది క్రమశిక్షణ కాదు, మన కోపం.

ఇప్పటికి మూడు నెలలైంది. నలభై రావడం లేదు. ముప్పై ఆరు, ముప్పై ఏడు దగ్గర నిలిచింది. అబద్ధమెందుకు, పోయినవారం ఒకరోజు సొరుగు మళ్లీ నాలుగంగుళాలు తెరుచుకుంది. నేను దగ్గాను, అది మూసుకుంది. సాఫ్ట్‌వేరు కొనలేదు. కెమెరా మాత్రం గోడౌను తలుపుకు పెట్టారు, అది దొంగల కోసం.

ఇదంతా కొట్ల సంగతి, మాకెందుకు అనుకోకండి. పిల్లవాడి చేతిలోంచి ఫోను లాక్కోబోయే ముందు, ఆ పనికి లేచిన మన రెండో చేతిలో ఏముందో ఒకసారి చూసుకుంటే చాలు. మా ఇంట్లో అయితే భోజనాల వేళ నా ఫోను బియ్యం డబ్బా మీద వుంటోంది. మా ఆవిడ ఆజ్ఞ.

ఇక ఇక్కడ ఆపుతాను. పత్రికకు ఇంకా 'వచ్చేవారం' అనేది ఒకటుంది గదా.